మంటలు ఆర్పే స్ప్రింక్లర్లు పెట్టించే ముందు స్థానిక నిబంధనలు ఎలా చూసుకోవాలి

ఫాల్స్ సీలింగ్ మూసేశారు, రంగులు పడ్డాయి, లైట్లు వెలుగుతున్నాయి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఈ వరుస స్ప్రింక్లర్ హెడ్లు (మంట వేడికి తెరుచుకుని నీళ్లు చిమ్మే నోళ్లు) ఏసీ డక్ట్‌కి మరీ దగ్గరగా ఉన్నాయి, ఒప్పుకోను అంటారు. ఇక సీలింగ్ విప్పాలి, పైపు కోయాలి, మళ్లీ టెస్ట్ చేయాలి, మళ్లీ అపాయింట్‌మెంట్ కోసం తిరగాలి. ఇలాంటి గొడవల్లో చాలావాటికి పైపు పనివాళ్లను తిట్టి లాభం లేదు. ఈ భవనానికి ఏ నిబంధన వర్తిస్తుందో, దాన్ని ఎవరు ఆమోదిస్తారో పని మొదలుపెట్టకముందే కాగితం మీద తేల్చుకోకపోవడం వల్లే అవి వస్తాయి.

అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో సగానికి పైగా పైపు కొనకముందు చేసేవే. మీరు యజమాని కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం తరఫున చూసేవారు కావచ్చు, సైట్ ఇంజనీర్ కావచ్చు. లెక్కలన్నీ మీరే వేయనక్కర్లేదు, దానికి అర్హత ఉన్న డిజైనర్ ఉంటారు. కానీ ఆయన్ని ఏం అడగాలో, ఆయన ఇచ్చిన కాగితంలో ఏం వెతకాలో మీకు తెలిసి ఉండాలి.

మొదటి పని: ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకోండి

నిబంధన అని అందరూ ఒకే మాటగా అనేస్తారు గానీ, అందులో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. స్ప్రింక్లర్లు పెట్టాలా వద్దా అన్నది భవన నిర్మాణ చట్టం చెబుతుంది. పెడితే ఎలా పెట్టాలన్నది సాంకేతిక ప్రమాణం చెబుతుంది. పెట్టింది సరిగ్గా ఉందా లేదా అన్నది మీ ప్రాంతంలో అధికారం ఉన్న శాఖ చెబుతుంది. ఈ మూడూ ఒకే పుస్తకంలో దొరకవు. చాలా చోట్ల ఒకే ఆఫీసులో కూడా దొరకవు.

పెట్టాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఊరికో రకంగా మారుతుంది. ఇంగ్లండ్‌లో కొత్త ఫ్లాట్ల భవనాలకు స్ప్రింక్లర్లు తప్పనిసరయ్యే ఎత్తు హద్దు 30 మీటర్లు ఉండేది, 2020లో దాన్ని 11 మీటర్లకు దించారు. పక్కనే ఉన్న వేల్స్‌లో 2016 నుంచి కొత్తగా కట్టే ఇళ్లన్నిటికీ తప్పనిసరి, ఎత్తుతో సంబంధమే లేదు. అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి వాడే మాదిరి నిబంధనావళిలో 2009 నాటి ముద్రణ నుంచి ఇంటి స్ప్రింక్లర్లను చేర్చారు, కానీ చాలా రాష్ట్రాలు ఆ ఒక్క భాగాన్ని కొట్టేసి మిగతాది అమలు చేసుకున్నాయి. భారత జాతీయ భవన నియమావళి 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనాన్ని ఎత్తైన భవనంగా లెక్కించి అదనపు షరతులు పెడుతుంది. కాబట్టి పక్క బిల్డింగ్‌కి లేవు కదా, మనకెందుకు అన్న వాదన ఎక్కడా నిలబడదు. ఆ భవనం ఏ సంవత్సరం అనుమతితో కట్టారో, ఎంత ఎత్తో, దేనికి వాడుతున్నారో చూడకుండా పోల్చలేం.

ఎలా పెట్టాలన్న దానికి వస్తే, ప్రపంచంలో ఎక్కువగా వాడే పుస్తకాలు కొన్నే. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 13 అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉంది. నాలుగు అంతస్తుల వరకు ఉండే నివాస భవనాలకు దాని తమ్ముడు 13ఆర్, ఒకటి రెండు కుటుంబాలుండే ఇళ్లకు 13డి ఉన్నాయి. యూరప్‌లో ఈఎన్ 12845, భారతదేశంలో ఐఎస్ 15105, ఆస్ట్రేలియాలో ఏఎస్ 2118. వీటిలో మీకు వర్తించేదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. నీళ్ల లెక్క ఒక పుస్తకం నుంచి, హెడ్ల మధ్య దూరం ఇంకో పుస్తకం నుంచి తీసుకుంటే పని చవగ్గా తేలవచ్చు, కానీ అలాంటి కలగూరగంప డిజైన్‌ను ఏ అధికారీ ఆమోదించరు. ఏ పుస్తకంలోని అంకెలైనా అందులోని మిగతా అంకెలను నమ్ముకుని రాసినవే.

ఈ ఏకరూపత కోసమే ఎన్‌ఎఫ్‌పీఏ పుట్టింది. 1895 ప్రాంతంలో బోస్టన్ చుట్టూ వంద మైళ్లలోపే స్ప్రింక్లర్ పైపులకు తొమ్మిది వేర్వేరు ప్రమాణాలు ఉండేవి. పనిచేసేవాళ్లకు పిచ్చెక్కిపోయి, బీమా సంస్థల ప్రతినిధులు, తయారీదారులు కూర్చుని మాట్లాడుకుంటే 1896లో ఆ సంస్థా, స్ప్రింక్లర్లకు మొదటి ఉమ్మడి నియమాలూ వచ్చాయి. అయినా స్థానిక సవరణలు ఇప్పటికీ పోలేదు, పోవు కూడా.

పుస్తకం పేరు తెలిస్తే సరిపోదు, ఏ సంవత్సరం ముద్రణో తెలియాలి. చట్టం ఒక ఫలానా సంవత్సరపు ముద్రణనే అమలులోకి తెస్తుంది. మార్కెట్లో కొత్తది వచ్చినా, మీ దగ్గర పాతదే చట్టమై ఉండవచ్చు. కారు పార్కింగ్ ప్రాంతాలనే తీసుకోండి. ఎన్‌ఎఫ్‌పీఏ 13లో చాలాకాలం వాటిని సాధారణ ప్రమాదం ఒకటో గ్రూపులో ఉంచారు (ఈ తరగతుల సంగతి రెండో పనిలో చెబుతాను). ఇప్పటి కార్లలో ప్లాస్టిక్ ఎక్కువైంది, మంటలు వేగంగా పక్క కార్లకు పాకుతున్నాయి అని 2022 ముద్రణలో రెండో గ్రూపుకు మార్చారు. దాంతో చదరపు మీటరుకు నిమిషానికి 6.1 లీటర్లు పడాల్సిన చోట 8.1 లీటర్లు పడాలి. పంపు మారుతుంది, పైపు సైజు మారుతుంది, ట్యాంకు మారుతుంది. ముద్రణ సంవత్సరం అన్న ఒక్క చిన్న వివరం వల్ల ఇంత తేడా.

ఇప్పుడు సంబంధిత శాఖకు ఒక ఉత్తరమో మెయిలో రాయండి. ఫోన్‌లో అడిగితే చెబుతారు, కానీ ఫోన్‌లో చెప్పిన మాట ఆరు నెలల తర్వాత వచ్చే ఇన్‌స్పెక్టర్‌కి తెలియదు. ఉత్తరంలో అడగాల్సినవి ఇవి:

- ఈ భవనానికి ఈ ఎత్తు, ఈ విస్తీర్ణం, ఈ వాడకానికి స్ప్రింక్లర్లు తప్పనిసరా? మొత్తం భవనానికా, కొన్ని భాగాలకేనా?
- ఏ ప్రమాణం, ఏ సంవత్సరం ముద్రణ వర్తిస్తుంది? దానికి స్థానిక సవరణలు ఏమున్నాయి, ఎక్కడ దొరుకుతాయి?
- డ్రాయింగ్‌లు ఎవరు సంతకం చేయాలి, పని చేసే కాంట్రాక్టర్‌కి ఏ లైసెన్స్ ఉండాలి?
- ఏ దశల్లో తనిఖీకి పిలవాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?
- ఫైర్ ఇంజన్ గొట్టం తగిలించే కనెక్షన్ ఏ సైజులో, ఏ రకం మరతో ఉండాలి, భవనానికి ఏ వైపున ఉండాలి?

చివరి ప్రశ్న చిల్లరగా కనిపిస్తుంది. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే చుట్టుపక్కల నగరాల నుంచి సాయానికి ఫైర్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో చాలావాటి గొట్టాలు బాల్టిమోర్ హైడ్రంట్లకు (మంటలార్పడానికి వీధిలో పెట్టే కుళాయిలకు) బిగుసుకోలేదు, మరలు వేరు. మీ గోడకు పెట్టిన కనెక్షన్ మీ ఊరి గొట్టానికి సరిపడకపోతే అది గోడకు అలంకారమే.

బీమా కంపెనీని కూడా ఈ దశలోనే అడగండి. చట్టం అడిగినదానికన్నా ఎక్కువ నీళ్లు, ఎక్కువసేపు కావాలని బీమావాళ్లు అడగడం మామూలే. రెండింటిలో కఠినమైనదానికి డిజైన్ చేయిస్తే రెండు చోట్లా చెల్లుతుంది.

రెండో పని: భవనంలో ఏముంటుందో నిజం రాయండి

డిజైనర్ మొదట అడిగేది ప్రమాద తరగతి. తేలిక ప్రమాదం, సాధారణ ప్రమాదంలో రెండు గ్రూపులు, తీవ్ర ప్రమాదంలో రెండు గ్రూపులు. ఎన్‌ఎఫ్‌పీఏ 13 విభజన ఇది. ఈఎన్ 12845లో సాధారణ ప్రమాదాన్నే నాలుగు గ్రూపులు చేశారు. ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం ఆఫీసులు, ఆసుపత్రి వార్డులు, నివాసాలు తేలిక ప్రమాదం. రెస్టారెంట్‌లో జనం కూర్చుని తినే హాలు తేలిక ప్రమాదం, దాని వెనకున్న వంటగది మాత్రం సాధారణ ప్రమాదం ఒకటో గ్రూపు. ఒకే గోడకు రెండు వైపులా రెండు తరగతులు ఉండవచ్చన్నమాట.

ఈ తరగతి మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి. ఎన్‌ఎఫ్‌పీఏ 13లో బాగా వాడే అంకెల ప్రకారం తేలిక ప్రమాదానికి నిమిషానికి చదరపు మీటరుకు 4.1 లీటర్లు చాలు. సాధారణ ఒకటికి 6.1, సాధారణ రెండుకి 8.1. ఈ మూడింటికీ, హెడ్లు ఒకేసారి తెరుచుకుంటాయని లెక్కలోకి తీసుకునే వైశాల్యం 139 చదరపు మీటర్లు. తీవ్ర ప్రమాదానికి వచ్చేసరికి 12.2, 16.3 లీటర్లు, పైగా వైశాల్యం 232 చదరపు మీటర్లు. ఒక మెట్టు తప్పుగా రాస్తే పంపు దగ్గర్నుంచి హెడ్ దాకా అంతా తప్పే.

యజమానులు సాధారణంగా ఇక్కడే లౌక్యం చూపిస్తారు. గోడౌన్‌ని "స్టోర్ రూమ్" అని రాయిస్తారు. ఖర్చు తగ్గుతుంది, అనుమతి కూడా వస్తుంది. తర్వాత ర్యాకులు నిలబెట్టి పైదాకా సరుకు పేరుస్తారు. నిప్పు అంటుకుంటే ఆ నీళ్లు మంటను ఆపలేవు, ఎందుకంటే ర్యాకుల్లో మంట కిందనుంచి పైకి చిమ్నీలాగా లేస్తుంది. బీమా కంపెనీ కూడా మొదట చూసేది ఆ కాగితమే. సరుకు ఎంత ఎత్తు పేరుస్తారు, అట్టపెట్టెలా, ప్లాస్టిక్కా, నురుగు దిండ్లా, ఖాళీ చెక్క ప్యాలెట్లు ఎక్కడ పెడతారు, ఇవన్నీ రాసి సంతకం చేసి ఇవ్వండి. ఎన్‌ఎఫ్‌పీఏలో దీన్ని యజమాని ధ్రువపత్రంగానే అడుగుతారు. రేపు అద్దెకు ఎవరు వస్తారో తెలియని భవనమైతే ఒక మెట్టు పైతరగతికి డిజైన్ చేయించడం మంచిదని నా అభిప్రాయం. తర్వాత పైపులు మార్చడం కన్నా అదే నయం.

మూడో పని: నీళ్లు కొలవండి, ఊహించకండి

నీటి సరఫరా లెక్క లేకుండా గీసిన స్ప్రింక్లర్ డ్రాయింగ్‌కి విలువ లేదు. వీధి పైపు నుంచి నేరుగా తీసుకోవాలనుకుంటే, మీ భవనం దగ్గరి హైడ్రంట్ల మీద ఫ్లో టెస్ట్ చేయించాలి. ఒక హైడ్రంట్‌కి గేజ్ పెట్టి నీళ్లు కదలనప్పుడు ప్రెషర్ ఎంతో చూస్తారు. తర్వాత పక్క హైడ్రంట్ తెరిచి, నీళ్లు పారుతుండగా మొదటిదాని దగ్గర ప్రెషర్ ఎంతకు పడిందో, ఎన్ని లీటర్లు వచ్చాయో రాసుకుంటారు. ఈ మూడు అంకెలూ కావాలి. ఊరికే ప్రెషర్ బాగుంది అంటే చాలదు, నిలిచిన నీటికి మంచి ప్రెషర్ ఉండి పారేసరికి చచ్చిపోయే పైపులు ఎన్నో ఉంటాయి. ఈ టెస్ట్ ఏడాదిలోపుదై ఉండాలి. నీటి వాడకం ఎక్కువగా ఉండే వేళల్లో, నీటి ఎద్దడి కాలంలో ప్రెషర్ ఎంత పడుతుందో నీటి సరఫరా సంస్థను అడిగి, దాన్ని లెక్కలో తగ్గించాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సాధారణ ప్రమాదం ఒకటో గ్రూపు అనుకుందాం. ఒక్కో హెడ్ అత్యధికంగా 12.1 చదరపు మీటర్లను కాపాడవచ్చు. 12.1ని 6.1తో గుణిస్తే ఒక్కో హెడ్ నిమిషానికి దాదాపు 74 లీటర్లు ఇవ్వాలి. హెడ్ మీద కె-ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని ప్రెషర్ వర్గమూలంతో గుణిస్తే వచ్చే నీళ్లు తెలుస్తాయి. కె 80 హెడ్ ఒక బార్ (ప్రెషర్ కొలత) దగ్గర 80 లీటర్లు ఇస్తుంది. అంటే మనకు కావాల్సిన 74 లీటర్లకు అన్నిటికన్నా దూరంగా ఉన్న హెడ్ దగ్గర సుమారు 0.85 బార్ మిగలాలి. పంపు దగ్గర కాదు, ఆఖరి హెడ్ దగ్గర. మధ్యలో పైపు రాపిడికి పోయేది, వాల్వులకు పోయేది, ఎత్తుకు పోయేది కలుపుకుంటూ వెనక్కి రావాలి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ పోతుంది. ముప్పై మీటర్ల భవనంలో ఎత్తుకే మూడు బార్ ఖర్చు.

మొత్తం నీళ్లు చూస్తే, 139ని 6.1తో గుణిస్తే నిమిషానికి 848 లీటర్లు. దీనికి అగ్నిమాపక సిబ్బంది గొట్టాలకని ఎన్‌ఎఫ్‌పీఏ 13 సుమారు 950 లీటర్లు కలపమంటుంది. అంటే నిమిషానికి దాదాపు 1,800 లీటర్లు. గంటసేపు నిలవాలంటే 1,08,000 లీటర్ల ట్యాంకు. గొట్టాల నీటికి మీ దగ్గర వేరే ఏర్పాటు ఉంటే స్ప్రింక్లర్ల వాటా 51,000 లీటర్లే. అసలు లెక్కలో ఇంకొంచెం పెరుగుతుంది, ఎందుకంటే పంపుకు దగ్గరగా ఉన్న హెడ్లు అవసరానికి మించి చిమ్ముతాయి. గొట్టాల వాటా ఈ ట్యాంకులోనే ఉండాలా, ఎంతసేపు నిలవాలి అన్నవి స్థానిక సవరణల్లో తరచుగా మారే అంశాలు. ఎన్‌ఎఫ్‌పీఏలో సాధారణ ప్రమాదానికి 60 నుంచి 90 నిమిషాలు, ఈఎన్ 12845లో తేలికకు 30, సాధారణకు 60, తీవ్రానికి 90 నిమిషాలు.

తాగునీటి పైపుకు కలుపుతుంటే మరో అనుమతి ఉంటుంది. స్ప్రింక్లర్ పైపుల్లో ఏళ్ల తరబడి నిలిచిన మురికినీరు వెనక్కి వచ్చి తాగునీటిలో కలవకుండా ఒక అడ్డుకట్ట వాల్వ్ పెట్టమని నీటి సరఫరా సంస్థ అంటుంది. అది ఫైర్ శాఖ పరిధి కాదు, వేరే దరఖాస్తు. ఆ వాల్వ్ కూడా కొంత ప్రెషర్ తినేస్తుంది. దాన్ని లెక్కలో వేయకుండా ఆఖర్లో తగిలిస్తే, కాగితం మీద పాసైన డిజైన్ నిజంలో ఫెయిల్ అవుతుంది.

పంపు అవసరమైతే దాని కరెంటు ఎక్కడ నుంచి వస్తుందో చూడండి. భవనం మెయిన్ స్విచ్ ఆపితే ఫైర్ పంపు కూడా ఆగిపోకూడదు. పంపు ఎంపికలో ఎన్‌ఎఫ్‌పీఏ 20 పెట్టిన హద్దు ఇది: దాని మీద రాసిన ప్రవాహానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నప్పుడు కూడా రాసిన ప్రెషర్‌లో కనీసం 65 శాతం నిలవాలి, నీళ్లు అసలు పారనప్పుడు 140 శాతం దాటకూడదు. మామూలు నీటి పంపును ఇక్కడ పెడితే ఈ రెండు పరీక్షల్లో ఏదో ఒకదాని దగ్గర దొరికిపోతుంది.

నాలుగో పని: డ్రాయింగ్, ఆమోదం

దరఖాస్తుతో పాటు ఫ్లోర్ ప్లాన్లు, నిలువు కోతలు, హైడ్రాలిక్ లెక్కలు, ఫ్లో టెస్ట్ రిపోర్టు, వాడబోయే హెడ్లు, వాల్వులు, పైపుల డేటా షీట్లు ఇవ్వాలి. డేటా షీట్లలో ఏ మోడల్ వాడుతున్నారో బాణం గుర్తు పెట్టి ఇవ్వండి. నలభై మోడళ్లున్న క్యాటలాగ్ అలాగే జతచేస్తే పరిశీలించే అధికారి వెనక్కి పంపడం ఖాయం, అందులో ఆయన తప్పేమీ లేదు.

దరఖాస్తు ఇవ్వకముందు స్ప్రింక్లర్ డ్రాయింగ్‌ని ఏసీ, కరెంటు, ఫాల్స్ సీలింగ్ డ్రాయింగ్‌ల మీద పరిచి చూడండి. ఈ ఒక్క మీటింగ్ ఎగ్గొట్టడం వల్ల సైట్‌లో జరిగే పాట్లు అంతా ఇంతా కాదు. ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం మామూలు పైకి, కిందికి చూసే హెడ్లకు మీరు సరిచూసుకోదగ్గ దూరాలు చెబుతాను.

తేలిక, సాధారణ ప్రమాదాల్లో రెండు హెడ్ల మధ్య 4.6 మీటర్లు దాటకూడదు, తీవ్ర ప్రమాదంలో 3.7 మీటర్లు. గోడ నుంచి దూరం ఇందులో సగం మించకూడదు. మరీ దగ్గరగా పెట్టడమూ తప్పే. 1.8 మీటర్ల లోపు ఇంకో హెడ్ ఉంటే, మొదటిది చిమ్మిన నీళ్లు రెండోదాన్ని చల్లబరిచి అది తెరుచుకోకుండా చేస్తాయి. గోడకు 100 మిల్లీమీటర్ల లోపు రాకూడదు. హెడ్ చివర నీళ్లను చెదరగొట్టే చక్రం సీలింగ్‌కు 25 నుంచి 300 మిల్లీమీటర్ల మధ్యలో ఉండాలి, అంతకన్నా కిందికి దిగితే వేడి పైనే పరుచుకుని హెడ్ ఆలస్యంగా స్పందిస్తుంది. హెడ్ కింద 450 మిల్లీమీటర్ల వరకు సరుకు గానీ, అల్మరా గానీ ఉండకూడదు.

అడ్డాల విషయంలోనే ఎక్కువ డ్రాయింగ్‌లు తిరిగొస్తాయి. స్తంభం, దీపం, పైపు లాంటిది హెడ్ పక్కన ఉంటే, దాని వెడల్పుకు మూడు రెట్ల దూరంలో హెడ్ ఉండాలి, ఈ లెక్క 600 మిల్లీమీటర్ల వరకే. డక్ట్ వెడల్పు 1.2 మీటర్లు దాటితే దాని కింద కూడా హెడ్లు పెట్టాలి. ఏసీవాళ్లు సైట్‌లో డక్ట్‌ని ఓ అడుగు పక్కకు జరిపితే ఈ లెక్కలన్నీ తిరగబడతాయి, అందుకే డక్ట్ మార్పులు మీ డిజైనర్‌కి చెప్పకుండా జరగకూడదని ముందే కాంట్రాక్ట్‌లో రాయించండి.

ఎక్కడ హెడ్ వద్దో కూడా పుస్తకం చెబుతుంది. ఉదాహరణకు ఎన్‌ఎఫ్‌పీఏ 13 కొన్ని షరతులతో 5.1 చదరపు మీటర్ల లోపు ఇంటి బాత్రూమ్‌లకు మినహాయింపు ఇస్తుంది. కానీ స్థానిక సవరణ ఆ మినహాయింపును తీసేసి ఉండవచ్చు. మినహాయింపు వాడుకున్న ప్రతిచోటా ఏ నిబంధన కింద వాడుకున్నారో డ్రాయింగ్ మీదే రాయించండి.

ఉన్న భవనంలో కొత్తగా పెట్టిస్తుంటే ఇంకో రెండు కాగితాలు కావాలి. పైకప్పు మీద ట్యాంకు పెడితే దాని నీటి బరువు కప్పు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజనీర్ రాసివ్వాలి. పని జరుగుతున్న నెలల్లో జనం లోపలే ఉంటే దశలవారీగా చేయడానికి, ఒక్కో దశను విడిగా తనిఖీ చేసి వాడకంలోకి తేవడానికి శాఖ ఒప్పుకోవాలి.

ఐదో పని: కొనేటప్పుడు

గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ముద్ర ఉన్న హెడ్లే కొనండి. ఆ ముద్రను మీ శాఖ అంగీకరిస్తుందో లేదో ఆర్డర్ ఇవ్వకముందు అడగాలి. గాజు బల్బు రంగు చూస్తే అది ఎంత వేడికి పగులుతుందో తెలుస్తుంది: నారింజ 57 డిగ్రీలు, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141. మామూలు గదులకు ఎరుపు. గాజు పైకప్పు కింద, బాయిలర్ గదిలో, సీలింగ్ దగ్గర వేడి పేరుకునే చోట ఎరుపు పెడితే మంట లేకుండానే పగిలి సామాను తడిసిపోతుంది. సన్నని 3 మిల్లీమీటర్ల బల్బు త్వరగా స్పందించే రకం, లావు 5 మిల్లీమీటర్లది మామూలు రకం. ఒకే గదిలో రెండూ కలపకండి.

సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపులు తేలిక, పని కూడా త్వరగా అవుతుంది. కానీ స్ప్రింక్లర్ల కోసమే ఆమోదం పొందిన రకమే వాడాలి, నీళ్ల కుళాయిలకు వాడేది కాదు. వాటికి తగిలే జిగురు, రంగు, కొన్ని రకాల కేబుళ్ల పూత పైపును లోలోపల పగులబారేలా చేస్తాయి కాబట్టి తయారీదారు ఇచ్చిన జాబితా చూసుకోవాలి. 4 డిగ్రీల కన్నా చల్లబడే చోట నీళ్లు నింపిన పైపులు పనికిరావు, గడ్డకట్టి పగులుతాయి. అక్కడ పొడి పైపుల పద్ధతి (హెడ్ తెరుచుకునేదాకా పైపుల్లో గాలే ఉండేది) అడగండి.

విడి హెడ్లు కూడా ఈ ఆర్డర్‌లోనే రావాలి. మొత్తం 300 లోపుంటే కనీసం 6, వెయ్యి వరకు 12, ఆపైన 24, వాటికి సరిపడే పానాతో సహా ఒక పెట్టెలో రైజర్ (నీళ్లు పైకి తీసుకెళ్లే నిలువు ప్రధాన పైపు) దగ్గర ఉంచాలి. తనిఖీ రోజున ఈ పెట్టె లేక ఆగిపోయిన ఫైళ్లు చాలానే ఉంటాయి.

ఆరో పని: సీలింగ్ మూయకముందు

తనిఖీకి పిలిచేది ఇప్పుడు. మూసేశాక కాదు. ఇన్‌స్పెక్టర్ రాకముందు మీరే ఒకసారి నిచ్చెనెక్కి చూడండి. పైపు హ్యాంగర్లు భవనం స్లాబుకే బిగించారా, లేక పక్కనున్న డక్ట్‌కి వేలాడదీశారా? ఇరవై ఐదు, ముప్పై రెండు మిల్లీమీటర్ల ఉక్కు పైపుకైతే 3.7 మీటర్లకు, నలభై నుంచి పైసైజులకు 4.6 మీటర్లకు మించి హ్యాంగర్ల మధ్య దూరం ఉండకూడదు. స్ప్రింక్లర్ పైపు మీద కరెంటు కేబుళ్లు కట్టడం, దీపాలు వేలాడదీయడం నిషేధం. అగ్నినిరోధక గోడల్లోంచి పైపు వెళ్లిన రంధ్రాలను ఆమోదిత పదార్థంతో మూశారా? భూకంప ప్రాంతమైతే అడ్డు బ్రేసులు, గోడ రంధ్రంలో పైపు చుట్టూ ఖాళీ ఉన్నాయా?

పెయింటర్ల మీద మాత్రం కన్నేసి ఉంచండి. హెడ్ మీద రంగు పడితే తుడిచి వాడకూడదు, తీసి కొత్తది వేయాల్సిందే. ప్యాకింగ్‌తో వచ్చే ప్లాస్టిక్ టోపీలు పని అయ్యేదాకా ఉంచి, వాడకంలోకి తెచ్చే ముందు ఒక్కటీ మిగలకుండా తీసేయాలి.

ఏడో పని: టెస్ట్ రోజు

భూమిలో వేసిన పైపును లోపలి పైపులకు కలపకముందే ఫ్లష్ చేయాలి. లేదంటే మట్టి, రాళ్లు వెళ్లి హెడ్ల నోళ్లు పూడిపోతాయి. తర్వాత హైడ్రోస్టాటిక్ టెస్ట్, అంటే పైపుల్లో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి కారడం లేదని చూడటం. ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం 13.8 బార్ ప్రెషర్‌తో రెండు గంటలు. గేజ్ ముల్లు కదలకూడదు, చుక్క కారకూడదు. పనిచేసే ప్రెషర్ 10.3 బార్ దాటే చోట దానిపైన ఇంకో 3.4 బార్ కలిపి టెస్ట్ చేయాలి. పొడి పైపులకు దీనికి తోడు గాలి టెస్ట్ ఉంటుంది: 2.7 బార్ గాలి నింపి 24 గంటలు ఉంచితే 0.1 బార్ కన్నా ఎక్కువ తగ్గకూడదు.

నీళ్లు పారితే అలారం మోగుతుందా అన్నది ఇంకో పరీక్ష. వ్యవస్థ చివర్లో ఒక చిన్న టెస్ట్ వాల్వ్ ఉంటుంది, దాని నోరు ఒక్క హెడ్ నోరంతే. అది తెరిస్తే ఫ్లో స్విచ్ కదిలి 90 సెకన్లలోపు ప్యానెల్‌కి సంకేతం రావాలి. అదే రోజు మెయిన్ డ్రెయిన్ (వ్యవస్థలోని నీళ్లు బయటికి వదిలే పెద్ద వాల్వ్) పూర్తిగా తెరిచి, తెరవకముందు ప్రెషర్, పారుతున్నప్పటి ప్రెషర్ రెండూ రాయించండి. ఏటా చేసే పరీక్షల్లో దీంతోనే పోలుస్తారు. పారే ప్రెషర్ బాగా పడిపోయిందంటే ఎక్కడో ఒక వాల్వ్ సగం మూసి ఉందని అర్థం. పంపును కూడా ఇన్‌స్పెక్టర్ ముందే పూర్తి ప్రవాహంతో నడిపి చూపించాలి.

చేతికి రావాల్సిన కాగితాలు: కాంట్రాక్టర్ సంతకం చేసిన సామగ్రి, పరీక్షల ధ్రువపత్రం, చివరికి నిజంగా ఎలా కట్టారో చూపే డ్రాయింగ్‌లు, వాల్వుల పటం, నిర్వహణ పుస్తకం. రైజర్ దగ్గర ఒక శాశ్వత ఫలకం బిగించి, ఎన్ని లీటర్లకు, ఎంత ప్రెషర్‌కు, ఎంత వైశాల్యానికి డిజైన్ చేశారో దాని మీద చెక్కించాలి. ఇవి రాకముందు చివరి బిల్లు చెల్లించకండి. డబ్బు చేతిలో పడ్డాక డ్రాయింగ్‌ల కోసం మీరే తిరగాలి.

వాడకంలోకి వచ్చాక

అనుమతి వచ్చినంత మాత్రాన నిబంధనలతో పని అయిపోదు. స్ప్రింక్లర్లు ఉండి కూడా పనిచేయని సందర్భాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే కారణం ఎవరో వాల్వ్ మూసి ఉంచడమే. వాల్వులకు తాళం వేయండి, లేదా మూస్తే ప్యానెల్‌లో తెలిసే స్విచ్ పెట్టించండి. రిపేరు కోసం మూయాల్సి వస్తే ఫైర్ శాఖకు, బీమా కంపెనీకి ముందే చెప్పి, వాల్వ్‌కు ట్యాగ్ కట్టి, మళ్లీ తెరిచేదాకా ఆ భాగంలో ఒక మనిషిని కాపలా తిప్పాలి.

నిర్వహణకు ఎన్‌ఎఫ్‌పీఏ 25 ఉంది. మెయిన్ డ్రెయిన్ టెస్ట్ కనీసం ఏటా, పైపుల లోపల తుప్పు, బురద ఎలా ఉన్నాయో చూడటం అయిదేళ్లకోసారి. మీ స్థానిక శాఖ ఈ రిపోర్టులు తనకు పంపమంటుందా, మీ దగ్గరే ఉంచుకోమంటుందా అన్నది తెలుసుకుని, తేదీలు క్యాలెండర్‌లో వేసుకోండి.

కొత్తగా అద్దెకు దిగినవారు గది మధ్యలో పార్టిషన్ కడతారు, హెడ్ ఒక వైపు ఉండిపోతుంది, రెండో వైపు గదికి ఏమీ ఉండదు. కాబట్టి అద్దె ఒప్పందంలోనే ఒక షరతు రాయించండి: గోడ, సీలింగ్, ర్యాకు, వాడకం, ఏది మార్చాలన్నా ముందు స్ప్రింక్లర్ డ్రాయింగ్ సవరించి, స్థానిక శాఖ ఆమోదం తెచ్చి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.